నా పేరు చీటీ నాకే వచ్చింది

శామీర్‌పేట,
డిసెంబర్ 1.

వదిన సిద్దమ్మకు మరదలు రుక్కమ్మ దండాలు పెట్టి రాసేది.

మేం బాగనే ఉన్నం. నువ్వెట్లున్నవని అడగను. మొన్న ఫోన్ల నువ్వు కోడల్ని పిలిచిన పిలుపు విన్న. గంత గొంతు ఉన్నోళ్లకు రోగాలు రావు.

ఫోనుండంగ ఉత్తరమేందని అనుకుంటున్నవు గదా. నీ ఫోను ఎప్పుడు చూసినా స్పీకర్లనే ఉంటది. నేను ఈడ తుమ్మితే కీసరల నీ కొడుకు బాలేష్, నీ కోడలు పద్మలత, పక్కింటోళ్లు అందరు చిరంజీవ అంటరు. ఈడ చూస్తే మీ తమ్ముడు చెవులు ఇటే ఏసి కూసుంటడు. గీ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండాలె. నువ్వు ఏడు చదివినవ్, నేను ఎనిమిది చదివిన. గా చదువు ఇయ్యాల అక్కరకొచ్చింది.

ముచ్చట ఏందంటే, నేను ఊడ్చి తుడిచే తుర్కపల్లి మందుల కంపెనీల క్రిస్మస్‌కు ఒక ఆట పెట్టిన్రు. సీక్రెట్ సాంటా అంటరు. అందరి పేర్లు చీటీల మీద రాసి కవర్ల పెడతరు. ఎవరికి ఎవరి పేరొస్తే వాళ్లకు సప్పుడు చెయ్యకుండ గిఫ్టు కొనాలె. ఇరవై నాలుగో తారీకు నాడు చెట్టు కింద పెట్టాలె. ఇచ్చింది ఎవరో బయటపెట్టొద్దు. పెద్ద సైంటిస్టుల కాడికెళ్ళి మా దాక నలభై మందిమి. ఆఫీసుల దీప మేడం బుట్ట పట్టుకొని వచ్చి, ఒక్కొక్కరి చేతిల కవరు పెట్టి, "ఎవ్వరికీ చూపించకు రుక్కమ్మా, ఒట్టు" అన్నది.

బాత్రూంలకు పోయి విప్పి చూసిన. నా చీటీ నాకే వచ్చింది వదినా. "రుక్కమ్మ, హౌస్ కీపింగ్" అని సక్కగ రాసున్నది.

వాపస్ ఇద్దామని బయలెల్లిన. రెండడుగులేసిన. మూడో అడుగు పడలే.

లగ్గమైన ఈ ముప్పై రెండేండ్లల నాకు ఎవరెవరు ఏమిచ్చిన్రో యాదికొచ్చింది. పెండ్లిరోజని మీ తమ్ముడు ఒకసారి తరాజు తెచ్చిండు, చేపలు తూచనీకి. ఇంకోసారి వలకు నైలాన్ దారం. మా కొడుకు మల్లేష్ కొంపల్లికెళ్ళి చేతి గడియారం తెచ్చిండు. దినాం ఎన్ని అడుగులేసిన్నో చెప్తదట. మూడంతస్తులు తుడిచేదాన్ని, నాకు తెల్వదా. అన్నింటికీ "మస్తుంది" అన్న. అనకపోతే బాధపడతరు.

ఈసారి నాకు కావాల్సింది నేనే కొనుక్కుందామని ఉన్నది. నాకు కావాల్సింది బూట్లు. నవ్వకు.

లోపట ల్యాబులకు పోయే పిల్లలు బూట్లు బయట అరల ఇడిచి పోతరు. దినాం నేనే సర్దుత. ఒకనాడు ఎవ్వరు లేంది చూసి ఒక దాంట్ల కాలు పెట్టిన. పిట్టగూట్ల పెట్టినట్టున్నది. మడిమె నొప్పి గా ఒక్క నిమిషం యాడికి పోయిందో. పుట్టినకాడికెళ్ళి చెప్పులే ఏసిన వదినా, బూటంటే ఏందో ఎరుగ.

కంపెనీ గేటు కాడ మన సొంత పార్సిళ్లు తీస్కోరు. ఇంటికి తెప్పిస్తే మీ తమ్ముడు తోటకూర కట్టనైనా విప్పి చూసే మనిషి. నీ పేరు మీద కీసరకు తెప్పియ్యనా? ఇది తప్పయితే తప్పని చెప్పు.

ఇట్లు,
తప్పని చెప్పవనే నమ్మకంతోని,
రుక్కమ్మ.

తా.క. ఎర్రయి కావాలె. ఈ వయసుల ఎర్రబూట్లేందని ఊరంతా అంటరు. నువ్వు మాత్రం అనకు. నువ్వు నాకంటె ఆరేండ్లు పెద్ద.


కీసర,
డిసెంబర్ 4.

మరదలు రుక్కమ్మకు సిద్దమ్మ రాసేది.

నీ ఉత్తరం అందింది. పోస్టాయన వాకిట్ల నిలబడి, "అమ్మా, ఈసారి బ్యాంకోళ్లు కాదు, మనిషి రాసిండు" అని రెండు చేతుల పట్టుకొని ఇచ్చిండు.

గని నువ్వు ఉత్తరం రాసే పద్ధతి అది కాదు. "నా చీటీ నాకే వచ్చింది" అనే కాడికి రాంగనే నేను చదువుడు ఆపి, రుక్కమ్మ చీటీ పాట ఎత్తిందని ఇంట్ల చెప్పిన. పద్మలత సంబురపడి సేమియా వండింది. బాలేష్ మా తమ్మునికి ఫోన్ చేసి చెప్పిండు. సేమియా తిన్నంక కిందికి చదివితే బూట్లు వచ్చినయి. ఇగ గా చీటీ సంగతి నువ్వే సక్కదిద్దుకో.

తప్పా అని అడిగినవు. దొంగతనమంటే ఒకరి సొమ్ము పోవాలె. ఈడ ఎవరిది పోయింది? నీ పేరు, నీ కాలు, నీ పైసలు. తెప్పియ్యి. నా పేరు మీద వచ్చిన పార్సిల్ ముట్టే ధైర్యం ఈ ఇంట్ల ఎవ్వరికి లేదు.

నీ ఉత్తరం చదివినకాడికెళ్ళి నాకు పని మీద మనసు పడ్తలేదు. రెండు దినాలు పప్పుల ఉప్పు రెండుసార్లు ఏసిన. నాకూ ఒకటి కావాలె రుక్కమ్మా.

నేను బతుకమ్మ పాటెత్తితే ఏడు వాకిండ్లకు ఇనవడేదని నువ్వు చూసినవు. మా ఆయన పోయిన ఏడు, నేను పాటెత్తంగనే పక్కింటి రాధమ్మ, "ఇగ నువ్వు ఎనుక నిలబడు సిద్దమ్మా" అన్నది. కోపంతోని అనలే, మంచిగనే అన్నది. ఎనుక నిలబడ్డ. ఐదేండ్లాయె. ఇప్పుడు బర్రెకు పాడుత. అది మంచిగనే ఇంటది గని, ఎనుక పాట అందుకోదు.

మనుమరాలి బడిల ఒక టీచరమ్మ చేతిల మైకు చూసిన. గిలాసంత ఉన్నది. స్పీకరు దాంట్లనే ఉన్నది, తీగ లేదు. నాకు గది కావాలె. ఎవరో కొనిస్తరని చూస్తే, నేను పోయినంక తెచ్చి ఫొటో ముంగట పెడతరు.

నీ బూట్లతోని దాన్ని కూడ తెప్పియ్యి, పైసలు నేనిస్త. గని నాది మీ ఇంటికే రానియ్యి. నాకు ఒక పార్సిలొస్తే మా ఇంట్ల అడుగుతరు, రెండొస్తే పంచాయితి పెడతరు. నేను తర్వాత వచ్చి తీస్కపోత.

ఇట్లు,
నీకు మంచి చెప్పినా చెడు చెప్పినా నేనే,
సిద్దమ్మ.

తా.క. మైకు నల్లదే చూడు. మనిద్దరిల ఒక్కరన్న బుద్ధిమంతులు అనిపియ్యాలె.


శామీర్‌పేట,
డిసెంబర్ 7.

వదినకు రుక్కమ్మ నమస్కారం చేసి రాసేది.

పని అయింది. నిన్న మధ్యాహ్నం అన్నం తిన్నంక, కంపెనీల మెట్ల కింద చీపుర్లు పెట్టే అర్రల నిలబడి, ఫోన్ల రెండు ఆర్డర్లు పెట్టిన. బూట్లు నీ పేరు మీద శుక్రవారం కీసరకొస్తయి. మైకు నా పేరు మీద ఆదివారం ఈడికొస్తది. ఆదివారం పొద్దుగాల మీ తమ్ముడు చెరువు కాడుంటడు, నేను ఇంటికాడుంట. ఏ ఫికర్ లేదు.

చీటీ సంగతి చెప్త. బుధవారం కాడికెళ్ళి మీ తమ్ముడు నేను అడగకుండనే నీళ్లు పడ్తుండు. నేను తిన్న పళ్లెం కూడ కడిగిండు. ఏందో రోగమొచ్చిందనుకున్న. ఆఖరికి, "చీటీ ఎత్తినవట గదా, బాలేష్ చెప్పిండు" అన్నడు. "గా రుక్కమ్మ వేరే, నేను కాదు" అన్న. తెల్లారికెళ్ళి మళ్ల నీళ్లు నేనే పడ్తున్న.

నిన్న దీప మేడం వరండాల ఆపి అడిగింది.

"గిఫ్టు కొన్నవా రుక్కమ్మా?"

"కొన్న మేడం. ఆమెకు శాన నచ్చుతది."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నవ్?"

"ఆమెను చిన్నప్పటికెళ్ళి చూస్తున్న మేడం."

మేడం ఫైలు మొహానికి అడ్డం పెట్టుకొని జల్దీ జల్దీ పోయింది. దగ్గొచ్చినట్టుంది. ఈ చలికి అందరికి దగ్గులే.

అబద్ధం ఆడలేదు గదా వదినా నేను. ఒక్క మాటన్న అబద్ధమున్నదా చూడు. అయినా గుండెల ఏందో గుబులు. చెట్టు తెచ్చి హాల్ల నిలబెట్టిన్రు, రంగు కరెంటు బుగ్గలు ఏలాడదీసిన్రు. దాని చుట్టు తుడిచేటప్పుడు గా చెట్టు నన్నే చూస్తున్నట్టుంటది.

ఇట్లు,
నీ భరోసా మీదున్న
రుక్కమ్మ.

తా.క. బూట్లొస్తే డబ్బా విప్పకు. విప్పినా తొడగకు. తొడిగినా నడవకు.


కీసర,
డిసెంబర్ 13.

రుక్కమ్మకు,

ఎట్లున్నవని అడగ. మంచిగనే ఉంటవు, ఎందుకుండవు.

నిన్న మాపటికి మా తమ్ముడు గాలయ్య ఫోన్ చేసిండు. స్పీకర్ల ఉన్నది, అందరు విన్నరు. "అక్కా, ముప్పై రెండేండ్లల మొదటిసారి నీ మరదలు నాకు గిఫ్టు కొన్నది. చేపలమ్మి అమ్మి నా గొంతు పోతాందని మైకు తెప్పిచ్చింది" అన్నడు. పిల్లగాని లెక్క మురిసిపోయిండు. ఆ తర్వాత నా మైకుల నాకే పాట పాడి వినిపిచ్చిండు.

నేను ఏం మాట్లాడాలె? అది నాదిరా అంటే బూట్ల కథంతా బయటపడ్తది. "మంచిగున్నదిరా తమ్ముడా" అన్న. గా మాట గొంతుల పడి ఇంకా దిగలే.

నీ మొగని కాడ మంచి పేరు కావాలంటే నీ పైసలతోని నువ్వు కొనియ్యాలె. గా మైకు నా పైసలతోని నేను తెప్పిచ్చుకున్నది, ఆశ పెట్టుకొని. ఐదేండ్లు ఎనుక నిలబడ్డదాన్ని, ఇంకో ఏడు నిలబడలేనా. నిలబడ్త. నువ్వు మాత్రం మంచిగుండు.

ఇట్లు,
సిద్దమ్మ.

తా.క. వాడు నా తోడబుట్టినోడే, గని నిజం చెప్పాలె. గా పాటకు చెరువుల చేపలు ఒడ్డుకొస్తే, అవి ఇష్టపడి వచ్చినట్టు కాదు.


శామీర్‌పేట,
డిసెంబర్ 13.

వదినకు,

నమస్కారం. పొద్దుగాల కంపెనీ బండ్ల కూసోని ఫోన్ తీసిన. పద్మలత వాట్సప్ స్టేటస్ పెట్టింది. ముందుగాల గుడి మెట్లు కనవడ్డయి. తర్వాత రెండు కాళ్లు కనవడ్డయి. గా కాళ్లకు ఎర్రబూట్లు. కింద "మా అత్తమ్మ బంగారం" అని రాసి మూడు గుండెకాయలు పెట్టింది.

నువ్వు బంగారమే వదినా. నా బూట్లతోని బంగారమయినవు.

నీ ఇంట్ల పార్సిల్ ముట్టే ధైర్యం ఎవ్వరికి లేదన్నవు. ముట్టుడు కాదు, తొడుక్కొని గుట్టెక్కింది. కోడలితోని నీకు పడదని ఏడేండ్లకెళ్ళి చెప్పినవు. పడనీకి నా మడిమెలే దొరికినయా?

నేను ఏడుస్తలేను. బండ్ల పక్క సీటామె అడిగితే దుమ్ము పడ్డదన్న. ఏసీ బండ్ల దుమ్మెట్ల పడ్తదని ఆమె అనుకున్నదో ఏమో.

ఇంక పదకొండు దినాలు ఉన్నయి. నలభై మంది ముంగట నా పేరు పిలుస్తరు. చెట్టు కింద నా పేరు మీద ఏముంటది?

ఇట్లు,
రుక్కమ్మ.

తా.క. నీ మైకు సంగతి. ఆదివారం రావాల్సింది శుక్రవారమే వచ్చింది, నేను డ్యూటీల ఉన్న. చిన్న గడబిడ అయింది. నువ్వు ఫికర్ చెయ్యకు. మీ తమ్ముడు ఇప్పటికి నాలుగుసార్లే పాడిండు.


కీసర,
డిసెంబర్ 17.

నా మరదలు రుక్కమ్మకు వదిన సిద్దమ్మ ప్రేమతోని రాసేది.

నేను తిట్టిన ఉత్తరం పోస్టుల ఏసిన రెండో నాడు, నువ్వు తిట్టిన ఉత్తరం వచ్చింది. చదివి ముందుగాల కోపమొచ్చింది. మళ్ల చదివిన. "నాలుగుసార్లే పాడిండు" అనే కాడ నవ్వాగలే. నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టుకున్నయి. ఇద్దరం ఒక్కనాడే కూసోని ఒకళ్లనొకళ్లం తిట్టుకున్నం. మనసులు కలిసినయంటే గిదే.

జరిగింది చెప్త, విను. శుక్రవారం నేను బర్రెను తోల్కపోయిన. పార్సిలాయన పద్మలత చేతిల పెట్టిపోయిండు. ఆమెకు షుగరొచ్చింది, దినాం నడువుమని డాక్టరన్నడు. నేను కూడ పదిసార్లు నడువు నడువని ఒర్లిన. గా పిల్ల డబ్బా విప్పి, అత్తమ్మ తన కోసమే తెప్పిచ్చిందనుకున్నది. కాలికి సరిగ్గ పట్టినయి. నేను ఇంటికి రాంగనే వాకిట్లనే నా చెయ్యి పట్టుకున్నది. ఏడేండ్లల ఎన్నడు పట్టుకోలే. కండ్లల నీళ్లు పెట్టుకొని, "మీరు తిడితే కోపమనుకున్న అత్తమ్మా" అన్నది. నేను ఏం చెప్పాలె రుక్కమ్మా? చేతిల ఉన్న పలుపుతోని బర్రెను కట్టేసి లోపటికి పోయిన.

నీ ఉత్తరం చదివినంక మనసు నిలబడలే. నిన్న పొద్దుగాల ఇద్దరం గుట్టకు నడుస్తుంటే నడుమ కూసోబెట్టి అంతా చెప్పిన. చీటీ, బూట్లు, మైకు, అన్నీ. పద్మలత విన్నది. తర్వాత వంగి బూట్ల తాళ్లు విప్పుతాంది. ఆగు పిల్లా, అవి నీకే, రుక్కమ్మకు నేను వేరే కొంట అన్న. అప్పుడు పద్మలత ఏమన్నదో చెప్పనా?

"అత్తమ్మా, మీరు ఇచ్చిన్రని మస్తు సంబురమైంది గని, నాకు బూట్లు ఎన్నడు కావాలనిపియ్యలే."

"మరి ఏం కావాలె?"

"ఒక్క ఆదివారం. ఎవ్వరు లేపకుండ ఎనిమిదింటి దాక పండుకోవాలె."

ఏడేండ్లకెళ్ళి గా పిల్లకు కావాల్సింది పైసల్లేని వస్తువు. నా గొంతే అడ్డమున్నది. ఈ ఆదివారం పొయ్యి నేను ముట్టిస్త.

నువ్వు ఇగ ఆర్డర్లు బంద్ చెయ్యి. మేడ్చల్‌కు పోయి, దుకాణంల కూసోని, నీ కాలు పెట్టి చూస్కొని కొనుక్కో. నా కోడలి తప్పుకు నేను పైసలిస్త అంటే నువ్వు తీస్కోవు, తెలుసు. తీస్కోకు. అప్పుడే అది నువ్వు కొనుక్కున్నది అయితది.

నా మైకు మాత్రం నాకు కావాలె. తమ్ముడే గదా ఉంచుకోనియ్యి అని మనసు ఒకసారి అన్నది. నోరు మూసుకో అన్న. మనం గట్ల శాన ఇచ్చేసినం.

ఇట్లు,
నీ వదిన,
బంగారం అని పద్మలత అంటది, నువ్వు కూడ అనొచ్చు,
సిద్దమ్మ.

తా.క. బాలేష్ ఇదంతా విని, "అమ్మా, మరి నాకేం కావాలో అడగవా" అన్నడు. నీకేం కావాలో నేను ముప్పై ఏండ్లకెళ్ళి వండుతున్న బిడ్డా అన్న.


శామీర్‌పేట,
డిసెంబర్ 20.

బంగారమసుంటి వదినకు రుక్కమ్మ రాసేది.

నీ ఉత్తరం చదివినంక మీ తమ్ముణ్ణి కూసోబెట్టి చెప్పిన. అప్పుడే చెరువు కాడికెళ్ళి వచ్చిండు, మైకు భుజానికి తాడేసి కట్టుకున్నడు. ఈ వారం దినాలు రోడ్డు మీద పోయే కార్లన్ని ఆగినయి. కొందరు చేపలు కూడ కొన్నరు.

"అది నీది కాదయ్యా, మీ అక్కది" అన్న. మైకు తాడు విప్పి చేతిల పట్టుకున్నడు. ఆఖరికి, "అక్క మళ్ల పాడుతదట్నా?" అని అడిగిండు. పాడుతదట అన్న. లేచి, తన తువ్వాలతోని మైకును సుద్దంగ తుడిచిండు. చేపల వాసన పోలేదని మళ్ల తుడిచిండు. డబ్బాల పెట్టి, "సోమవారం నేనే తీస్కపోయి ఇస్త" అన్నడు.

తర్వాత గడప కాడ నిలబడి, నన్ను చూడకుండ అడిగిండు. "మరి నేను ఒకటి కొనుక్కోవచ్చా?"

ఆ మనిషికి కూడ ఎవ్వరు ఏం కొనియ్యలేదని నాకప్పుడు ఎరుకైంది వదినా. నేను కూడ కొనియ్యలే. కొనుక్కో అన్న.

ఇయ్యాల మేడ్చల్ పోయిన. దుకాణంల ఒకాయన, "ఎవరికమ్మా, మనుమరాలికా?" అన్నడు.

"నాకే."

ఆ ఒక్క మాట అననీకి నాలుక ఎండుకపోయింది. అన్నంక మంచిగనిపిచ్చింది.

"వాకింగ్‌కా అమ్మా?"

"నిలబడనీకి."

కింద మోకాలేసి కూసోని నా కాలు పట్టుకున్నడు. పగిలిన మడిమెలు చూసి ఏమనుకుంటడో అని ఎనుకకు గుంజుకున్న. "ఏం కాదమ్మా, మా అమ్మవి గిట్లనే ఉంటయి" అన్నడు. నా కాలు ఇంకొకరు పట్టుకున్నది మెట్టెలు తొడిగిననాడే. తాళ్లు కట్టి లేపిండు. దుకాణంల ఈ గోడ కాడికెళ్ళి ఆ గోడ దాక నడిచిన. మళ్ల వచ్చిన. అద్దంల చూసుకుంటే, చీర కింద రెండు ఎర్ర బూట్లు, పైన నవ్వుకుంట ఎవరో ఆడమనిషి.

డబ్బాల పెట్టిచ్చి, మెరుపు కాగితం చుట్టిచ్చిన. "రుక్కమ్మకు" అని నేనే రాసిన. ఎవరి అక్షరమో గుర్తు పట్టొద్దని ఎడమ చేత్తోని రాసిన.

ఇట్లు,
రుక్కమ్మ.

తా.క. చేతి గడియారం ఈ సారి పనికొచ్చింది. దుకాణంల నూట పన్నెండు అడుగులేసిన. గా బూట్లు ఇడువకుండ ఇంటిదాక కూడ నడిచేదాన్నేమో.


కీసర,
డిసెంబర్ 23.

రుక్కమ్మకు సిద్దమ్మ రాసేది. చిన్న ఉత్తరమే, గొంతు పోయింది, చేతికి కూడ సత్తువ లేదు. పోస్టుల ఏస్తే రేపటికి అందదని మా తమ్ముని చేతికే ఇచ్చి పంపుతున్న.

నిన్న మాపటికి మా తమ్ముడు వచ్చి మైకిచ్చిండు. తను వేరేది కొనుక్కున్నడట, అది కూడ తెచ్చిండు, చూపియ్యనీకి. వాకిట్ల పీటేసిండు. పద్మలత బటన్ ఒత్తి నా చేతిల పెట్టింది. ముందు నోరు తెరిస్తే గాలే వచ్చింది. గొంతుల ఐదేండ్ల తుప్పు ఉన్నది. బర్రె కొట్టంలకెళ్ళి అరిచింది, అది మైకుల ఇనవడ్డది, అందరు నవ్విన్రు. ఆ నవ్వుల పాటెత్తిన.

పద్మలత ఎనుక అందుకున్నది. ఆమెకు గొంతున్నదని నాకు తెల్వనే తెల్వదు. ఏడేండ్లు నేనే మాట్లాడితిని, ఆ పిల్ల గొంతు ఎప్పుడు వినాలె. ఒక్కొక్కరు వాకిట్లకొచ్చి కూసున్నరు. గోడవతలకెళ్ళి రాధమ్మ తొంగి చూసింది. ఆమెను చూసి నాకు పదం తప్పింది. ఆమె అన్నది, "సిద్దమ్మా, జర ముందుకొచ్చి పాడు, నాకు సరిగ ఇనవడతలేదు."

ముందుకొచ్చి పాడిన.

రేపు నీ దినం. ధైర్యంగ ఉండు. నీ పేరు పిలిస్తే లేచి పో.

ఇట్లు,
సిద్దమ్మ.

తా.క. మా తమ్ముడు కూడ ఒకటి పాడిండు. బర్రె రెండు పూటలకెళ్ళి పాలు తక్కువిస్తాంది.


శామీర్‌పేట,
డిసెంబర్ 26.

వదినకు రుక్కమ్మ రాసేది. స్థిమితంగ కూసోని చదువు. సేమియా వండుడుంటే ముందుగాలనే వండుకో, ఈసారి నడుమల ఆపకు.

ఇరవై నాలుగు మధ్యాహ్నం అందరం హాల్ల కూసున్నం. కేకు కోసిన్రు. చెట్టు కింద గుట్టలెక్క డబ్బాలు. దీప మేడం ఒక్కొక్క పేరు పిలుస్తాంది. పిలిచినోళ్లు పోయి, డబ్బా తీస్కొని, అందరి ముంగట విప్పాలె.

ముందుగాల పట్టాభిరామయ్య సారును పిలిచింది. ల్యాబులన్నిటికి పెద్ద. ఆయన నవ్వంగ నేను ఆరేండ్లల చూడలే. విప్పితే ఏముంది, రిమోట్‌తోని నడిచే బస్సు. ఎర్రది. సారు దాన్ని అటు ఇటు తిప్పి చూసి, "నా మనసు తెలిసినవాళ్ళు ఎవరో ఇచ్చారు" అన్నడు. మొహం మీద ఒక్క గీత కదలలే. నేను నమ్మిన.

తర్వాత గేటు కాడ నిలబడే జానకిరామయ్య. ఆయనకు మడిచే కుర్చీ వచ్చింది. "ఎవరో పుణ్యాత్ములు" అని దండం పెట్టిండు. ఒక సైంటిస్టు పిల్లకు ఆమెంత పొడుగున్న దిండు వచ్చింది. ఇంకొకాయనకు పతంగులు, మాంజా చరక. అందరికి సరిగ్గ నచ్చిందే వస్తాంది. నాకు గుబులు ఎక్కువైంది. వీళ్లంతా ఒకరి మనసొకరు ఎంత మంచిగ తెలుసుకొని కొన్నరు, నేనొక్కదాన్నే నా కోసం కొనుక్కున్న దొంగను అనిపిచ్చింది.

నా పేరు పిలిచిన్రు. పోయిన. విప్పిన. "అరె, బూట్లు" అన్న. అసలు తెల్వనట్టు. అందరు చప్పట్లు కొట్టిన్రు. తొడుక్కో తొడుక్కో అన్నరు. తొడుక్కున్న. సరిగ్గ పట్టినయి. "సైజు ఎట్ల తెలిసిందో పాపం వాళ్లకు" అన్న. అప్పుడే అబద్ధమాడిన వదినా, మేడం ముంగట నెల దినాలల గదొక్కటే. నా నోట్లకెళ్ళి రాంగనే చెమటలు పట్టినయి.

ఇగ నాతోని కాలేదు. దీప మేడం చెయ్యి పట్టుకొని, "మేడం, ఒక తప్పు జరిగింది. నా చీటీ నాకే వచ్చింది. చెప్పలే. ఇవి నేనే కొనుక్కున్న" అన్న. మైకు ఆమె చేతిలనే ఉన్నది. హాలంతా ఇనవడ్డది.

ఒక్కరు కూడ నవ్వలే. ఎవ్వరు నా దిక్కు చూస్తలేరు. అందరు తమ తమ డబ్బాల దిక్కే చూస్తున్నరు. నా నౌకరి పోయిందనుకున్న.

అప్పుడు పట్టాభిరామయ్య సారు లేచిండు. గొంతు సవరించుకొని, "నాకు కూడా నా పేరే వచ్చింది" అన్నడు.

జానకిరామయ్య కుర్చీ మడిచి పట్టుకొని, "నాకు గూడ సార్" అన్నడు. దిండు పిల్ల మొహం దిండుల పెట్టుకున్నది. "నాకూ నాదే," "నాకూ నాదే" అని నలుమూలలకెళ్ళి మొదలైంది. దీప మేడం నవ్వుడు ఆపలేక మైకు కింద పెట్టేసింది.

ఆమె చేసిన పని అది వదినా. బుట్ట ఉత్తదే. ఎవరి కవర్ల వాళ్ల పేరే పెట్టి, చూసి చూసి ఎవరిది వాళ్లకే ఇచ్చింది. పోయినేడు అందరికి అందరు ఇచ్చిన కప్పులు, ఫొటో ఫ్రేములు స్టోర్ రూంలనే పడున్నయట. "ఈసారి ఎవరికి నిజంగా ఏం కావాలో చూద్దామనుకున్నా. అడిగితే ఎవరూ చెప్పరు కదా" అన్నది. నెల దినాలు ఒక్కొక్కరు తానొక్కడే దొంగ అనుకొని తిరిగిన్రు. నా లెక్కనే.

సారు నవ్విండు. పండ్లు కనవడ్డయి. బస్సును కింద పెట్టి నడిపిచ్చిండు. అది నా ఎర్రబూట్ల నడుమలకెళ్ళి పోయింది. చిన్నప్పుడు వాళ్ల ఊరికి బస్సు లేకుండెనట, దినాం నాలుగు మైళ్లు నడిచి బడికి పోయేటోడట. నడుపుకుంటనే జానకిరామయ్యను అడిగిండు, "కుర్చీ ఇంటికి తీసుకెళ్తావా?" "గేటు కాడ కూసోవద్దని రూలున్నది గదా సార్, ఇంట్లనే కూసుంట" అన్నడు. సారు బస్సు ఆపిండు. "గేటు దగ్గరే వెయ్యి. రూలు నేను చూసుకుంటా" అన్నడు.

ఇయ్యాల పొద్దుగాల చూసిన. కూసోనే సలాం కొట్టిండు.

నేను బూట్లు తొడుక్కొనే మూడంతస్తులు తుడిచిన. మడిమె ఉన్నదనే మరిచిన. ఈ ఆదివారం కీసరకొస్త, నువ్వు పాడితే వినాలె. పద్మలతను లేపకు, నేను తలుపు కొట్టకుండ వస్త.

ఇట్లు,
నలభై మంది దొంగలల ఒక దొంగ,
నీ మరదలు రుక్కమ్మ.

తా.క. నలభై కాదు, ముప్పై తొమ్మిదే. క్యాంటీన్‌ల వండే గౌరయ్య ఒక్కడు సత్తెకాలపోడు. నా పేరు నాకే వచ్చిందని ఆనాడే కవరు వాపస్ తీస్కపోయి ఇచ్చిండట. దీప మేడంకు ఏం చెయ్యాలో తెల్వక, చీటీ మీద తన సొంత పేరే రాసి ఇచ్చింది. అంటే మొత్తం కంపెనీల ఇంకొకరు కొన్న గిఫ్టు వచ్చింది ఆమెకొక్కదానికే. విప్పితే ఇడ్లీ పాత్ర. పదహారు గుంటలది. ఆమె హాస్టల్ల ఉంటది, పొయ్యి లేదు. గౌరయ్య ఎదురుంగ నిలబడి చూస్తుంటే, రెండు చేతుల ఎత్తి పట్టుకొని, "చాలా బాగుంది, సరిగ్గా ఇదే అనుకుంటున్నా" అన్నది. గా మొహం నాకెరుకే వదినా. ముప్పై రెండేండ్లు నేను పెట్టిన మొహం గదే.